పట్టాభిషేకం దగ్గర ఎందుకు ఆపుతాము?

ఉగాది నాడు కలశం పెట్టి, వ్యాసపీఠం మీద శ్రీమద్రామాయణాన్ని ఉంచి, తొమ్మిది దినాల పారాయణకు సంకల్పం చెప్పుకొనే గృహాలు తెలుగునాట నేటికీ ఎన్నో ఉన్నాయి. మీ ఇల్లు కూడా వాటిలో ఒకటి కావచ్చును. శ్రీరామనవమి సాయంకాలానికి యుద్ధకాండ చివరి సర్గ వస్తుంది. పట్టాభిషేక ఘట్టం చదువుతారు, ఫలశ్రుతి చదువుతారు, హారతి ఇస్తారు. పానకం, వడపప్పు పంచుతారు. గ్రంథాన్ని పట్టుగుడ్డలో చుట్టి మందిరంలో పెడతారు. ఆ గుడ్డ ముడిలో ఒక కాండ మాత్రం ఎవరూ చదవకుండానే ఉండిపోతుంది. ఏ పిల్లవాడో "తరువాత ఏమైంది?" అని అడిగితే, "తరువాతది చదవకూడదు నాయనా" అని పెద్దలు అంటారు. పిల్లవాడు పానకం గ్లాసు అందుకొని వెళ్లిపోతాడు. ప్రశ్న అక్కడే ఆగిపోతుంది.

ఈ ఆచారాన్ని మూఢనమ్మకమని కొట్టివేసేవారిలో నేను లేను. భద్రాద్రిలో నవమి నాడు కల్యాణం జరిగితే మరునాడే పట్టాభిషేకం జరుగుతుంది. భక్తుని మనస్సులో స్వామి నిలవవలసిన స్థానం సింహాసనమే, పక్కన సీతమ్మ, పాదాల చెంత హనుమ. శుభకార్యానికి మొదలూ తుదీ మంగళంగా ఉండాలని మన శాస్త్రకారులు చెప్పినది సామాన్యమైన మాట కాదు. వ్రతంగా చదివిన కథ ఏ భావంతో ముగిస్తే ఆ భావమే ఇంట్లో నిలుస్తుందని మన పూర్వులు నమ్మారు. ఆ నమ్మకాన్ని నేనూ గౌరవిస్తాను, నేనూ అక్కడే ఆపుతాను.

అయితే పారాయణ చేసే ఇళ్లలో మరొక నియమం ఉన్నది. దానిని మనం పాటిస్తూనే ఉంటాము గాని, దాని అర్థాన్ని ఆలోచించము. ఏ రోజు పారాయణనైనా దుఃఖఘట్టం దగ్గర నిలుపరాదు. దశరథ మహారాజు ప్రాణం విడిచిన సర్గతో ఆనాటి పఠనం ముగించరు. సీతాపహరణం దగ్గర పుస్తకం మూయరు. లక్ష్మణస్వామి మూర్ఛపోయిన చోట దీపం కొండెక్కనివ్వరు. ఎంత పొద్దుపోయినా సరే, గొంతు ఎండిపోయినా సరే, మరొక రెండు సర్గలు చదివి, కథ కొంత తేరుకున్న తరువాతనే లేస్తారు. హరికథ చెప్పే భాగవతార్లు కూడా ఇంతే. కథ ఎక్కడ నిలిపినా మంగళం పాడదగిన చోటనే నిలుపుతారు.

ఈ రెండవ నియమాన్ని మొదటి నియమం పక్కన పెట్టి చూడండి. దశరథ మరణాన్ని చదవవద్దని పెద్దలు అనలేదు. అక్కడ ఆగవద్దని అన్నారు. అపహరణాన్ని దాచిపెట్టమని చెప్పలేదు. భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని పర్ణశాలకు కుటుంబాలతో వెళ్లి, అమ్మవారిని రావణుడు అపహరించినది ఇక్కడేనని పిల్లలకు చూపించి వస్తాము కదా! చీకటిని చూడవచ్చును, చీకటిలో వదిలి వెళ్లరాదు. పెద్దలు పెట్టిన కట్టడి ఇంతవరకే. దీనిని మనం కాలక్రమంలో "చీకటిని ఎరుగనే కూడదు" అన్నంత దూరం తీసుకొనిపోయాము. ఎక్కడ నిలపాలన్నది ఒక విషయం. ఏది తెలియరాదన్నది మరొక విషయం. ఈ రెండూ ఎప్పుడు కలిసిపోయాయో గాని, కలిసిపోయాయి.

మన కవులు ఈ గీత దగ్గర ఎలా నడుచుకున్నారో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మొల్ల ఆరు కాండలు చెప్పి ఊరుకున్నది. గోన బుద్ధారెడ్డి ద్విపదలో రంగనాథ రామాయణాన్ని పట్టాభిషేకం వరకు రచిస్తే, ఉత్తరకాండను ఆయన కుమారులు కాచవిభుడు, విట్ఠలనాథుడు రచించారు. తండ్రి ఆపిన చోట కొడుకులు ఎత్తుకున్నారన్నమాట. తులసీదాసు ఉత్తరకాండ అని పేరు పెట్టి కూడా సీతా పరిత్యాగాన్ని అందులో చెప్పలేదు. రామరాజ్య వైభవాన్ని, కాకభుశుండి సంవాదాన్ని చెప్పాడు. మన కాలంలో విశ్వనాథ సత్యనారాయణగారు 1970 జ్ఞానపీఠ పురస్కారాన్ని తెచ్చిన కల్పవృక్షాన్ని యుద్ధకాండతోనే పూర్తి చేశారు. ఇక భవభూతి మహాకవి మరొక సాహసం చేశాడు. ఉత్తరకథనే నాటకంగా ఎత్తుకొని, నాటకంలో నాటకం ఆడించి, చివరకు సీతను రామునితో కలిపివేశాడు! విని సహించలేని ముగింపును మార్చివేయడం కూడా ఒక విధమైన ఆపుదలే.

వీరందరిలో తిక్కన సోమయాజి తీరు నాకు ఎక్కువగా నచ్చుతుంది. ఆయన ఉత్తరకాండకు వెరవలేదు. దానినే ఎంచుకొని, ఒక్క వచనమైనా లేకుండా నిర్వచనోత్తర రామాయణాన్ని రచించి నెల్లూరి ప్రభువు మనుమసిద్ధికి అంకితమిచ్చాడు. కానీ పదవ ఆశ్వాసంతో ముగించాడు, శ్రీరామ నిర్యాణాన్ని మాత్రం చెప్పలేదు. రాజుకు అంకితమిచ్చే కృతి అవతార సమాప్తితో ముగియరాదని భావించి ఉంటాడని పెద్దల ఊహ. ఆ మిగిలిన కథను తరువాతి కాలంలో జయంతి రామభట్టు పదకొండవ ఆశ్వాసంగా చేర్చాడు. అంటే చాలా దూరం నడిచి, తాను ఆగవలసిన చోటును తానే నిర్ణయించుకున్నాడు తిక్కన. ఆ వివేకం వేరు, మొదటి అడుగు దగ్గరనే కళ్లు మూసుకోవడం వేరు.

(నన్నయగారు మధ్యలో వదిలిన అరణ్యపర్వం సంగతి కూడా ఇటువంటిదే. దానిని ముట్టుకుంటే కీడు కలుగుతుందన్న భయం లోకంలో ప్రచారమైనది. తిక్కనగారు విరాటపర్వం నుండి మొదలుపెట్టారు. చివరకు ఎఱ్ఱన ఆ శేషాన్ని పూరించాడు, అదీ నన్నయగారే రాసినట్లుగా, రాజరాజనరేంద్రుని పేరనే. ఎవరో ఒకరు పూరించకపోతే మనకు భారతం ఉండేదా?)

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆపమన్న హెచ్చరిక మన ఇళ్లలో పుట్టినది కాదు, అది ఉత్తరకాండలోనే ఉన్నది. నైమిశంలో అశ్వమేధం జరుగుతూ ఉంటుంది. వాల్మీకి ఆజ్ఞతో కుశలవులు రోజుకు ఇరవై సర్గల చొప్పున రామకథను గానం చేస్తారు. రాముడు వింటాడు, తన కుమారులని తెలుసుకుంటాడు, సీతను రప్పిస్తాడు. నిండు సభలో అమ్మవారు భూమాతను ప్రార్థించి ఆమె ఒడిలోకి వెళ్లిపోతుంది. అంతటి ధీరుడు, అరణ్యవాసం అన్నప్పుడు ముఖం మీద రేఖ మారనివాడు, ఆ క్షణంలో శోకంతో, క్రోధంతో భూమినే శాసించబోతాడు. అప్పుడు బ్రహ్మదేవుడు వచ్చి ఊరడించి ఒక మాట చెబుతాడు. ఈ కావ్యంలో ఇంకా శేషం ఉన్నది, జరుగబోయేది అందులో ఉన్నది, ఋషులతో కలిసి నీవు దానిని విను అంటాడు. అంతటితో ఊరుకోడు. దీనిని నీవు తప్ప మరొకరు వినదగదు అని కూడా అంటాడు.

ఎంత గంభీరమైన మాట! కథే తన శ్రోతలకు ఇక్కడ ఆగండని చెబుతున్నది. మన ఇంటి పెద్దల నోట వచ్చే "చదవకూడదు నాయనా" అన్న మాటకు ఇంతకంటె పై ప్రమాణం దొరకదు.

కానీ ఆ తరువాత జరిగినది చూడండి. ఆ రాత్రి రాముడు కుమారులిద్దరినీ వెంటబెట్టుకొని పర్ణశాలకు వెళతాడు. సీతను తలచుకొని దుఃఖిస్తూ ఉండగానే తెల్లవారుతుంది. తెల్లవారగానే మునులందరినీ పిలిపించి, కుమారులతో ఏ సంకోచమూ లేకుండా పాడమని చెబుతాడు. వారు పాడతారు, ఆయన వింటాడు. ఆ శేషంలో ఉన్నది తన సొంత అవతార సమాప్తి. లక్ష్మణుని వియోగం అందులోనే ఉన్నది. తల్లిని నిన్ననే పోగొట్టుకున్న బిడ్డల నోట తండ్రి ఆ కథను విన్నాడు.

బ్రహ్మ విధించిన నిషేధం ఎవరికి వర్తిస్తుంది? బయట నిలిచి వేడుక చూసేవారికి. ఎవరిని విడిచిపెట్టింది? ఆ దుఃఖం ఎవరిదో వారిని. చీకటి తన బ్రతుకులోకి ఇప్పటికే వచ్చినవానికి కథలోని చీకటిని మూసిపెట్టి ప్రయోజనం లేదని బ్రహ్మకు తెలుసు. నేను ఈ ఘట్టాన్ని అర్థం చేసుకున్నది ఈ విధంగా. పండితులు వేరు విధంగా వ్యాఖ్యానింపవచ్చును.

ఉత్తరకాండ వాల్మీకిది కాదు, ప్రక్షిప్తం, దాని గొడవ మనకెందుకని మీలో కొందరు అనవచ్చును. పండితులలో ఆ వాదం చాలాకాలంగా ఉన్నది. బాలకాండ నాలుగవ సర్గలోనే ఆరు కాండలూ, ఉత్తరమూ అని స్పష్టంగా ఉన్నదని ఒకరంటే, ఆ సర్గ కూడా తరువాతిదేనని మరొకరంటారు. ఈ వాదం ఇక్కడ తేలేది కాదు. ఒక్క విషయం మాత్రం నిజాయితీగా ఒప్పుకోవాలి. మన ఇళ్లలో ఉత్తరకాండ చదవకపోవడానికి పరిశోధన కారణం కాదు. మనకు భయం. రామునిపై మచ్చ పడుతుందని భయం, ఇంటికి కీడని భయం, ఆడపిల్ల అడిగే ప్రశ్నకు జవాబు లేదని భయం. పరిశోధకుల మాటను ఆ భయానికి ముసుగుగా కప్పుకోరాదు.

పైగా మనం ఆ కథను నిజంగా మూసిపెట్టామా? గ్రంథాన్ని మూశాము, అంతే. 1963లో లవకుశ చిత్రం విడుదలైనప్పుడు, ఉత్తరకాండ పుట తిప్పని కుటుంబాలే బండ్లు కట్టుకొని వెళ్లి, అంజలీదేవి వెంట కన్నీరు పెట్టుకొని వచ్చాయి. దూరదర్శన్‌లో 1987 జనవరిలో మొదలైన రామాయణం 1988 జూలైలో పట్టాభిషేకంతో ముగిసినప్పుడు ఏం జరిగినదో గుర్తుందా? జలంధర్ మొదలైన ఉత్తరాది నగరాలలో పారిశుద్ధ్య కార్మికులు పనులు మాని సమ్మె చేశారు. వారు వాల్మీకి మహర్షిని తమ మూలపురుషునిగా కొలిచేవారు. మహర్షి స్వయంగా కథలోకి వచ్చి సీతను కాపాడిన భాగం లేకుండా రామాయణం ముగియడానికి వీలులేదన్నది వారి పట్టు. తరువాత ఉత్తర రామాయణం కూడా ప్రసారమైనది. మనకు అమంగళమని తోచిన భాగమే వారికి ఆరాధ్యమైనది. కథలో ఎక్కడ ఆగాలో తేల్చేది, వినేవాడు నిలిచిన చోటు కూడా.

మన పెరటి వైపు వస్తే, పురాణ పఠనం వీధి అరుగు మీద జరుగుతూ ఉండగా, వంటింటి వైపు మరొక రామాయణం నడిచేది. ఊర్మిళాదేవి నిద్ర, కుశలవుల యుద్ధం, శూర్పణఖ పగ తీర్చుకొనుట... ఆంధ్ర సారస్వత పరిషత్తు 1955లో కృష్ణశ్రీ సంపాదకత్వాన ప్రచురించిన స్త్రీల రామాయణపు పాటలలో ఇటువంటివి కనబడతాయి. శూర్పణఖ తాపసి వేషంలో అయోధ్యకు వచ్చి రావణుని బొమ్మ వేయమని సీతను అడుగుతుంది. తాను అతని ముఖం ఎన్నడూ ఎత్తి చూడలేదు, కాలి బొటనవేలు మాత్రమే చూశానని అమ్మవారు ఆ బొటనవేలు గీసి ఇస్తుంది. మిగతా ఆకారాన్ని శూర్పణఖ పూర్తి చేస్తుంది. ఉన్నది బొటనవేలంత, లోకం నింపినది తక్కినదంతా. అపవాదు ఎలా పుడుతుందో ఇంత సూక్ష్మంగా చెప్పిన ఘట్టాన్ని నేను మరొకచోట చదవలేదు. ఆ పాటలు పాడిన తల్లులకు చీకటి ఎక్కడున్నదో తెలుసు. వారు పట్టాభిషేకం దగ్గర ఆపలేదు, ఎందుకంటే వారి కథ అక్కడ ఆగదు. పీటల మీద కూర్చోబెట్టి తలంబ్రాలు పోసిన రోజుతో ఆడపిల్ల కథ ముగియదని వారికంటె ఎవరికి తెలుసును?

మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. 1974. నాకు పదేళ్లు. కృష్ణాతీరంలోని మా ఊరిలో మా తాతగారు ప్రతి వసంతంలోనూ నవాహం చేసేవారు. ఆ ఏడు మా మేనత్త సంక్రాంతికి పుట్టింటికి వచ్చి, ఉగాది దాటినా తిరిగి వెళ్లలేదు. నాలుగో నెల. అత్తవారి నుండి ఒక ఉత్తరం వచ్చినదనీ, దానిలో ఎవరో ఏదో అన్నారన్న మాట ఉన్నదనీ పెద్దవాళ్లు తలుపు వేసుకొని మాట్లాడుకోగా విన్నాను. ఎవరన్నారో, ఏమన్నారో నాకు ఈనాటికీ తెలియదు. మా మామయ్య మాత్రం రాలేదు.

నవమి సాయంకాలం పట్టాభిషేకం చదివి, హారతి అయి, అందరూ పానకం తాగుతూ ఉండగా అత్తయ్య స్తంభానికి ఆనుకొని కూర్చొని అడిగినది: "నాన్నగారూ, తరువాత సీతమ్మ ఎక్కడున్నది?"

తాతగారు తలెత్తకుండా పుస్తకానికి గుడ్డ చుడుతున్నారు. "ఇక్కడ ఆపాలి తల్లీ. అందులోనూ నీవు వట్టి మనిషివి కావు. ఆ తరువాతది నీవు వినకూడదు."

"వినకూడదని నాకు చెబుతారేమిటి నాన్నగారూ? జరుగుతున్నది నాకే కదా" అన్నది. కోపంగా అనలేదు. పక్కింటివారి సంగతి చెప్పినంత మామూలుగా అన్నది.

తాతగారి చేతిలో ముడి పడలేదు. ఆ రాత్రి ఆయన భోజనం చేయలేదని నాయనమ్మ తరువాత చెప్పేది. దశమి, ఏకాదశి గడిచాయి. ఆయన ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. మధ్యాహ్నం వేళ అరుగు మీద ఒంటరిగా కూర్చొని, ఎన్నడూ బయటకు తీయని ఆ చివరి కాండను కళ్లద్దాలు పెట్టుకొని పెదవులు కదలకుండా చదవడం నేను చూశాను. బ్రహ్మవాక్యమూ, ఆ మరునాటి తెల్లవారుజామూ ఆయన కంటబడినది ఆనాడే అనుకుంటాను. ఇది నా ఊహ, ఆయన నాతో అనలేదు.

ద్వాదశి నాడు తెల్లవారుజామున స్నానం చేసి వచ్చి, "అమ్మాయీ, ఇలా వచ్చి కూర్చో" అని అత్తయ్యను పిలిచారు. సంకల్పం లేదు, కలశం లేదు. ఇది వ్రతం కాదు అని ఒక్క మాట అన్నారు. శ్లోకం చదివి, తెలుగులో అర్థం చెబుతూ వచ్చారు. లక్ష్మణుడు రథం తెస్తాడు. అమ్మవారు మునిపత్నులకు ఇవ్వడానికి చీరలు, సొమ్ములు సర్దుకొని సంతోషంగా బయలుదేరుతుంది. గంగ దాటుతారు. ఆవలి ఒడ్డున లక్ష్మణుడు చేతులు జోడించి, చెప్పలేక చెబుతాడు. మళ్లీ పడవ ఎక్కి వెళ్లిపోతాడు. రథం కనుమరుగు కాగానే అడవిలో ఆమె ఏడుపు ఒక్కటే మిగులుతుంది. అక్కడ తాతగారి గొంతు పూడిపోయినది. నాయనమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, ఇక చాలు ఆపండి అన్నట్లు చేయి ఊపినది.

ఆయన ఆపలేదు. ఉత్తరీయంతో కళ్లు ఒత్తుకొని పుట తిప్పారు. తరువాతి సర్గలోనే మునికుమారులు ఆ ఏడుపు విని పరుగెత్తుకొని వెళ్లి మహర్షికి చెబుతారు. వాల్మీకి అర్ఘ్యం పట్టుకొని తానే ఎదురు వస్తాడు. నీవెవరో నాకు తెలుసు, ఎందుకు వచ్చావో తెలుసు, నీలో ఏ దోషమూ లేదని తెలుసు, నీ ఇంటికి వచ్చావనుకో అంటాడు. వెంటబెట్టుకొని వెళ్లి ఆశ్రమంలోని తాపసస్త్రీలకు అప్పగిస్తాడు.

తాతగారు అంతవరకు చదివి, అర్థం చెప్పి, ఆ పుటలో నెమలీక పెట్టారు.

"ఇవాళ్టికి ఇక్కడ ఆపుదామమ్మా" అని, కర్పూరం తెమ్మని నన్ను లోపలికి పంపారు.